పైన్ చెట్ల వేళ్ల మీద పరిశోధన.. గుంటూరులో ఉండి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతోంది. పైన్ కొమ్మలకు వేళ్లు పుట్టేటప్పుడు హార్మోన్లు జన్యువుల చేత ఎలా పని చేయిస్తాయో పరిశోధన చేస్తానంటోంది. మన దగ్గర పైన్ చెట్లే లేవు. బీఎడ్ చేయిద్దామని నేను, వద్దని తను. నాకు టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: మీ అమ్మాయి పట్టుకున్నది మంచి ప్రశ్నండీ. లేత పైన్ మొక్క నుంచి కత్తిరించిన కొమ్మకు ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ అద్దితే వేళ్లు వస్తాయి. ముదురు చెట్టు కొమ్మకు అదే ఆక్సిన్ అద్దినా చాలాసార్లు రావు. జన్యువులు రెండింటిలోనూ అవే. కణంలో కొన్ని ప్రొటీన్లు జన్యువులను అణచి ఉంచుతాయి. ఆక్సిన్ చేరగానే ఆ ప్రొటీన్లు విచ్ఛిన్నమై, జన్యువులు పని మొదలుపెడతాయి. మరి ముదురు కొమ్మలో పని ఎక్కడ ఆగిపోతోంది? తేల్చాల్సింది అదే.

పైన్ లేకపోయినా ఆ చదువు మన నేలకు పనికొస్తుంది. మన జామాయిల్ క్లోన్ నర్సరీల్లో కొమ్మలకు అద్దే ఐబీఏ కూడా ఆక్సినే. సరుగుడునూ కొమ్మలతోనే పెంచుతున్నారు. (చూడ్డానికి పైన్‌లా ఉంటుంది గానీ సరుగుడు ఆ జాతి కాదు.)

ఒక్క బోటనీతో మాత్రం సరిపోదు. పైన్ కుటుంబానికే చెందిన నార్వే స్ప్రూస్ జన్యుపటం 2013లో వెలువడింది. దాని పొడవు దాదాపు 2,000 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, మనిషి జన్యుపటానికి ఆరు రెట్లకు పైనే. కంప్యూటర్ లేకుండా అది చదవలేం. అందుకే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టమనండి. సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. కోనిఫర్ల (పైన్, స్ప్రూస్ లాంటి చెట్ల) మీదే పని చేయాలనుకుంటే డెహ్రాడూన్, సిమ్లాలలోని అటవీ పరిశోధన సంస్థల వైపు చూడాలి.

ఇంట్లో రెండేళ్లలో తన జీతం అవసరమైతే ఈ దారి వద్దనే చెబుతాను, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఏడేళ్లు సులువుగా పడుతుంది. ఆ ఇబ్బంది లేకపోతే ఇప్పుడే బీఎడ్ అని పట్టుబట్టకండి, అది తర్వాతైనా చేయొచ్చు.

ఈలోగా ఇంట్లోనే మందారం కొమ్మలు, లేతవి ఇరవై, ముదురువి ఇరవై, సగం ఐబీఏ పొడితో, సగం పొడి లేకుండా నాటమనండి. నలభై రోజులు రోజూ నోట్‌బుక్‌లో రాయాలి. ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోండి.