వేరే డిగ్రీ నుంచి కంప్యూటర్ల వైపు: పాపకు మామ ఉత్తరం

పాపా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజీ విన్నాను. ఫోన్లో చెప్తే సగం గాల్లో పోద్ది, అందుకే రాస్తున్నాను. బీఎస్సీ ఎంపీసీ చదివి కంప్యూటర్ల వైపు పోవచ్చా అని నువ్వడిగావు. నీ వెనకాల బీజడ్‌సీ అమ్మాయి, బీకాం అమ్మాయి గొంతులు కూడా వినపడ్డాయి. ప్రశ్న ఒకటే గానీ ముగ్గురికీ ఒకే జవాబు కుదరదు.

ముందు ముగ్గురూ ఇంటర్ మెమోలు, డిగ్రీ మెమోలు తీసి మంచం మీద పరుచుకోండి. ఏ కోర్సుకు గిరాకీ, ఎక్కడ జీతం ఎక్కువ అనే మాటలు తర్వాత. ఆ కాగితాల్లో మూడు సంగతులు చూడాలి. ఇంటర్లో గానీ డిగ్రీలో గానీ గణితం ఉందా? డిగ్రీలో 50 శాతం దాటిందా, 60 దాటిందా? బ్యాక్‌లాగులు ఏమైనా మిగిలాయా? కావలి, కందుకూరు, ఒంగోలు ఎక్కడ చూసినా పిల్లలు కోచింగుకు డబ్బు కట్టేసి, అప్లికేషన్ నింపే రోజున అర్హత చూసుకుంటున్నారు. ఆ పని మీరు చెయ్యొద్దు.

కంప్యూటర్ల వైపు పోవటానికి మామూలు దారి ఎంసీఏ, అంటే కంప్యూటర్ల పీజీ. మన రాష్ట్రంలో దానికి అందరూ పోయే బాట ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు రాస్తే కోత లేదు, కాబట్టి ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలి వచ్చినా తెలివితక్కువే. 50 మార్కులొస్తే అర్హత వచ్చినట్టు, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఆ కనీసం కూడా లేదు. అర్హత వచ్చిందని ఇంట్లో స్వీట్లు పంచొద్దు. తిరుపతిలోనో విశాఖలోనో యూనివర్సిటీ కాలేజీలో సీటు కావాలంటే ర్యాంకు కావాలి.

ఇందులో 75 మార్కులు అనలిటికల్ ఎబిలిటీకే పోతాయి. వాటిలో 20 ప్రశ్నలు డేటా సఫిషియన్సీవి, లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే. ఎక్స్ విలువ ఎంత అని అడిగి రెండు వాక్యాలిస్తారు: ఎక్స్ వర్గం 49, ఎక్స్ ధన సంఖ్య. మొదటిది ఒక్కటే చూస్తే 7 కావచ్చు, మైనస్ 7 కావచ్చు, తేలదు. రెండోది ఒక్కటే చూసినా తేలదు. రెండూ కలిపితే తేలుతుంది. అంతటితో గుర్తు పెట్టేసి ముందుకు పోవాలి. వాళ్లడిగింది జవాబు కాదు, జవాబు తేలుతుందా లేదా అని. చివరిదాకా లెక్క కట్టేవాళ్లకు ఆ 20 ప్రశ్నల్లోనే అరగంట కరిగిపోద్ది.

సీటు సంగతి కన్నా నన్ను ఎక్కువ కంగారుపెట్టేది ఆ తర్వాతి సంగతి. 2020-21 నుంచి ఎంసీఏ మూడేళ్లు కాదు, రెండేళ్లే. మూడేళ్లున్న రోజుల్లో వేరే డిగ్రీల పిల్లలు తేరుకోవటానికి వ్యవధి ఉండేది. ఇప్పుడు మొదటి సెమిస్టరులోనే డేటా స్ట్రక్చర్లు, అంటే డేటాను కంప్యూటర్లో అమర్చే పద్ధతులు, మొదలవుతాయి, పక్కన బీసీఏ చదివొచ్చిన పిల్లలు కూర్చుని ఉంటారు. మీలాంటి వాళ్ల కోసం బ్రిడ్జి కోర్సు అని ఒకటి ఉంటుంది గానీ చాలాచోట్ల అది టైంటేబుల్లో గడి నింపటానికే. వేసవిలో పరీక్ష రాసి, కౌన్సెలింగు అయ్యి క్లాసులు మొదలయ్యేదాకా నెలలు దొరుకుతాయి. ఆ నెలల్లో ఏం చేశావన్న దాన్ని బట్టే రెండేళ్ల చదువు నడుస్తుంది. పెళ్లిళ్లకు తిరిగి ఆ నెలలు పోగొట్టుకున్న పిల్ల డిసెంబరుకి రికార్డు పుస్తకంలో రంగు పెన్నులతో అండర్‌లైన్లు గీస్తూ ఉంటుంది, ప్రోగ్రాము మాత్రం రాదు.

ప్రోగ్రాములు రాసే భాషలు రెండు నేర్చుకో: మొదట ఆరు వారాలు పైథాన్, తర్వాత ఎనిమిది వారాలు సీ. రోజుకు రెండు గంటలు చాలు, కానీ రోజూ. వీడియో చూడటం ఆ రెండు గంటల్లో లెక్క కాదు. సొంత చేత్తో టైపు చేసి, తప్పు వచ్చి, ఆ తప్పు చదివి, దిద్దుకున్నదే లెక్క. మొదటి వారంలోనే ఒకటి ఎదురవుతుంది చూడు. రెండు అంకెలు అడిగి కూడమని ప్రోగ్రాము రాస్తావు. 20, 30 ఇస్తావు. 50 రావాల్సింది 2030 వస్తుంది. పైథాన్‌లో ఇన్‌పుట్‌గా వచ్చింది ఏదైనా అక్షరాల కిందే లెక్క. రెండు అక్షరాల వరసల్ని కూడితే పక్కపక్కన అతుక్కుంటాయి. ముందు ఇంట్‌గా, అంటే పూర్ణాంకంగా, మార్చుకోవాలి. ఇది మామ చెప్పాడని గుర్తుపెట్టుకుంటే లాభం లేదు, ఒకసారి 2030 తెర మీద చూసి తల గోక్కోవాలి.

సీకి వచ్చేసరికి తప్పులు వేరే రకం. 5ని 2తో భాగిస్తే పైథాన్ 2.5 అంటుంది, సీలో రెండూ పూర్ణాంకాలైతే 2 అంటుంది, దశాంశం చడీచప్పుడు లేకుండా మాయం. విలువ అడిగి తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు ఆంపర్‌సాండ్ గుర్తు మర్చిపోతే ప్రోగ్రాము ఠపీమని ఆగిపోవచ్చు. ఆ గుర్తు అంటే చిరునామా. విలువ ఎక్కడ పెట్టాలో చెప్పకుండా పెట్టమంటే ఎక్కడ పెడుతుంది? పాయింటర్లు అంటే అందరూ భయపెడతారు గానీ అవి ఈ చిరునామా ముక్కకు కొనసాగింపే. కాగితం మీద పెట్టెలు గీసి, ప్రతి పెట్టెకీ ఒక ఇంటి నంబరేసి, లింక్‌డ్ లిస్ట్‌లో (ఒక్కో పెట్టె తర్వాతి పెట్టె చిరునామా దాచుకునే గొలుసు) మధ్య పెట్టె తీసేస్తే ఏ బాణం ఎటు తిరగాలో పది సార్లు గియ్యి. గియ్యకుండా కోడ్ బట్టీపట్టిన వాళ్లు ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో దొరికిపోతారు.

లాప్‌టాప్ గురించి మీ నాయన్ని ఇబ్బంది పెట్టొద్దు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్సెస్‌డీ ఉన్న సెకండ్‌హ్యాండ్‌ది చాలు. పాత హార్డ్‌డిస్కుది ఎంత చవకైనా వద్దు, తెరుచుకునేలోపు నీ ఓపిక పోద్ది. ఫోన్లో నేర్చుకుంటానని మాత్రం అనుకోవద్దు.

కోచింగుకు ముందు ఎన్‌పీటెల్ చూడు, ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేది. నేర్చుకోవటం ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75. మొదటి రెండు వారాల అసైన్‌మెంట్లు తేలిగ్గా ఉంటాయి, మూడో వారం నుంచే జనం జారిపోతారు. గడువు తేదీలు గోడ మీద రాసి పెట్టుకో.

నువ్వు ఎంపీసీ గనక నీకు ఇంకో పరీక్ష చెప్తాను, మన వైపు పిల్లలు దీని జోలికి పెద్దగా పోరు. వరంగల్‌తో సహా కొన్ని ఎన్‌ఐటీల్లో ఎంసీఏకి నిమ్‌సెట్ రాయాలి. డిగ్రీలో గణితమో స్టాటిస్టిక్సో ఒక సబ్జెక్టుగా ఉండి 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 55. 120 ప్రశ్నలు, 1000 మార్కులు, అందులో గణితానివి 50 ప్రశ్నలే గానీ ఒక్కోదానికి 12 చొప్పున 600 మార్కులు వాటివే. కంప్యూటర్ ప్రశ్నలకు వచ్చేది 120. అంటే ఇది పేరుకు కంప్యూటర్ సీటు, పోటీ లెక్కల్లో. తప్పయితే ఒక్కో గణితం ప్రశ్నకు 3 మార్కులు కోస్తారు, ఐసెట్ అలవాటుతో అన్నీ గుడ్డిగా పెట్టి రావొద్దు. ఇంటర్ త్రికోణమితి, సంభావ్యత, వెక్టార్లు మళ్లీ తీయి.

ఎంటెక్ సీటుకు రాసే గేట్ పరీక్షలో కంప్యూటర్ పేపరు డిగ్రీ మూడో ఏడు చదివే ఎవరైనా రాయొచ్చు. రాయనిస్తారు కదా అని మూడేళ్ల బీఎస్సీతో ఎంటెక్ సీటు ఇస్తారనుకోవద్దు. ఎంసీఏ అయ్యాకో, గణితంలోనో స్టాటిస్టిక్స్‌లోనో ఎమ్మెస్సీ అయ్యాకో అది పనికొచ్చే మాట. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా డీఏ పేపరు కూడా పెట్టారు, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లకు అది నప్పుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ నడిపే ఆర్నెల్ల అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ కోర్సుకు మంచి పేరుంది గానీ దానికీ ఇదే మెలిక: ఇంజినీరింగో, ఎంసీఏనో, గణితం లాంటి వాటిలో పీజీనో ఉండాలి, 55 శాతం రావాలి. ఒట్టి బీఎస్సీ ఎంపీసీతో కుదరదు. దాని ప్రవేశ పరీక్ష సీ-క్యాట్‌కు కోచింగ్ ఇస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ముందు ఈ ముక్క అడుగు.

ఇక బీజడ్‌సీ అమ్మాయి సంగతి. ఇంటర్ బైపీసీ, డిగ్రీ బీజడ్‌సీ అయితే గణితం ఎక్కడా లేదు. ఎంసీఏకి గణితం నిబంధనను సాంకేతిక విద్య చూసే ఏఐసీటీఈ తన వైపు నుంచి సడలించింది, గణితం లేనివాళ్లకు బ్రిడ్జి కోర్సు పెట్టమంది. అయినా సీటిచ్చేది ఐసెట్ కౌన్సెలింగు గనక, ఆ ఏటి ఐసెట్ నోటిఫికేషన్లో అర్హత పేరాలో ఏం రాసుంటే అదే చెల్లుతుంది. కాలేజీ వాళ్ల మాట మీద కాదు, ఆ పేరా చదివి ఫీజు కట్టమను. ఆ పిల్లకు నేను చెప్పే ఇంకో బాట ఐఐటీ మద్రాసు వాళ్ల డేటా సైన్స్ బీఎస్. దానికి పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి ఇంటర్ పాసైతే చాలు, జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చెప్పి క్వాలిఫయర్ పరీక్ష పెడతారు. పాఠాలు ఆన్‌లైన్లో, పరీక్షలు మాత్రం సెంటరుకు పోయి రాయాలి. ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ, బీఎస్ అని మెట్లుంటాయి, మధ్యలో ఆగినా ఆ మెట్టుకు సర్టిఫికెట్ ఇస్తారు. ఆదాయం తక్కువున్న ఇళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఫీజు బాగా తగ్గిస్తారు. 2022 నుంచి యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చదవనిస్తోంది గనక ఇంకో కోర్సులో ఉంటూ కూడా చేరొచ్చు. తేలిక అనుకోవద్దు, ఫౌండేషన్లో గణితం రెండు, స్టాటిస్టిక్స్ రెండు పేపర్లు దాటాలి.

మెడికల్ కోడింగ్ కూడా కంప్యూటర్ ఉద్యోగమే కదా అని ఆ పిల్ల అడిగింది. పేరులో కోడింగ్ ఉంది గానీ అది ప్రోగ్రాములు రాసే పని కాదు. డాక్టరు రాసిన కేసు చదివి రోగానికి ఐసీడీ కోడూ, చికిత్సకు సీపీటీ కోడూ వెయ్యటం. బీజడ్‌సీ వాళ్లకు శరీరశాస్త్రం తెలుసు గనక బతుకుతెరువుకు మంచిదే. అక్కడ్నించి సాఫ్ట్‌వేర్‌కి మారదామని మాత్రం లెక్కేసుకోవద్దు.

బీకాం అమ్మాయి ఇంటర్ ఎంఈసీ అన్నావు. ఎం అంటే గణితమే, ఐసెట్ ఎంసీఏకి ఇబ్బంది లేదు. ఆ పిల్లకు జీఎస్టీ, లెడ్జరు తెలుసు, అది మీ ఇద్దరికీ లేని బలం. ఎక్సెల్, టేబుళ్లలోంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్ భాష గట్టిగా పడితే చాలు.

ఎంసీఏ వద్దు, నేరుగా ఉద్యోగం అంటే బీఎస్సీ వాళ్లను తీసుకునే పెద్ద కంపెనీలు ఉన్నాయి. విప్రో వాళ్ల విల్ప్ పథకంలో ఉద్యోగం చేస్తూ కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదవొచ్చు, బదులుగా అయిదేళ్ల ఒప్పందం రాయించుకుంటారు. ఆ కాగితం నాయనతో కలిసి చదివి సంతకం పెట్టు. మామూలుగా 60 శాతం, బ్యాక్‌లాగులు లేకపోవటం చూస్తారు. ఆఖరి ఏట ఇంటర్న్‌షిప్ సెమిస్టరును సర్టిఫికెట్ కొనుక్కుని దాటెయ్యొద్దు.

చేసి చూపించేది ఒకటి ఉండాలి. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు వద్దు, ఇంటర్వ్యూలో ఈ లైను ఎందుకు రాశావంటే నోరు పెగలదు. మీ నాయన రొయ్యల గుంటల డైరీ ఉందిగా, అది తియ్యి. ఏ గుంటలో ఎంత పిల్ల వేశారు, రోజూ ఎంత మేత, పట్టుబడిలో ఎన్ని కిలోలు, ఏ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు). మూడు టేబుళ్లు చెయ్యి: గుంటలు, మేత, పట్టుబడి. లక్ష పిల్ల వేసి 1,600 కిలోలు 50 కౌంట్ పట్టారనుకో. కిలోకు 50 గనక 80,000 రొయ్యలు, 80 శాతం బతికినట్టు. మేత 2,240 కిలోలైతే 1,600తో భాగించు, ఎఫ్‌సీఆర్ 1.4, అంటే కిలో రొయ్యకు పట్టిన మేత. ఇది కాగితం మీద నిమిషం పని. ప్రోగ్రాముకు ఇచ్చాక మొదలవుతుంది గొడవ. డైరీలో ఒకచోట పెద్ద గుంట అని, ఇంకోచోట పెద్దగుంట అని ఉంటుంది, మధ్యలో ఒక్క ఖాళీ. మనకు ఒకటే గుంట, కంప్యూటర్‌కి రెండు, మేత సగం సగం చీలిపోద్ది. అందుకే ప్రతి గుంటకీ నంబరు పెట్టాలి. కౌంట్ గడిలో 50 కౌంట్ అని మాటతో సహా ఉంటే అంకెగా మార్చబోయినప్పుడు వాల్యూ ఎర్రర్ వస్తుంది. ఒకరోజు మేత గడి ఖాళీగా ఉంది. వెయ్యలేదా, రాయటం మర్చిపోయారా? 30, 30, ఖాళీ, 30 అయితే ఎస్‌క్యూఎల్ సగటు 30 అంటుంది, ఎందుకంటే ఖాళీని లెక్కలోకే తీసుకోదు. ఆ ఖాళీలో సున్నా పెడితే 22.5. ఏది నిజమో మీ నాయన్నే అడగాలి. ఈ మూడు తగాదాలూ ఎలా తీర్చావో రాసుకుని, అంతా గిట్‌హబ్‌లో (కోడ్ నలుగురికీ కనపడేలా పెట్టుకునే సైటు) పెట్టు. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి ఇది చాలు.

హైదరాబాదు పోతే ఒకరు తగులుతారు, డబ్బు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్సు పెట్టిస్తామని. కంపెనీలు పీఎఫ్ ఖాతా చరిత్ర తీసి చూస్తాయి, అందులో ఆ మూడేళ్లు కనపడవు. ఉద్యోగం పోవటమే కాదు, కట్టిన డబ్బు అడగటానికి కూడా నోరుండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టించొద్దు, జిరాక్సులే ఇవ్వు.

సంక్రాంతికి వస్తున్నాను. అప్పటికి మూడు టేబుళ్లూ నింపి ఉంచు, పట్టుబడి లెక్క కలిసి చూద్దాం. బీజడ్‌సీ అమ్మాయిని పదో తరగతి మెమో కూడా వెతికి పెట్టుకోమను.

మీ మామ