మెకానికల్ చదివి అమెరికా వచ్చారా? ఫ్యాక్టరీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు

"మెకానికల్‌లో ఎమ్మెస్ అయింది. ఎలక్ట్రోమెకానికల్ డిజైన్ ఇంజనీర్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. వెళ్లమంటారా, రూమ్మేట్లందరిలా ఐటీలోకి దూకెయ్యనా?" కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మోటారు, గేరు, సెన్సరు, వైరు కలిసి కదులుతుంటే చూసి మురిసిపోయే రకమైతే వెళ్లండి. కేవలం వీసా కోసమైతే వద్దు. ఈ పనిలో విసుగు దాచుకోలేరు.

అప్లై చేసేముందు రెండు చూసుకోండి. ప్రకటనలో "యూఎస్ పర్సన్" అని ఉందంటే అది చాలావరకు ఐటార్ (రక్షణ పరికరాలు, వాటి సమాచారం విదేశీయుల చేతికి వెళ్లకుండా చూసే అమెరికా నిబంధనలు) కింద రక్షణ పరికరాల పని. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, అసైలం లేదా రెఫ్యూజీ హోదా వచ్చినవాళ్లు ఆ లెక్కలోకి వస్తారు. ఎఫ్-1, హెచ్-1బీ వాళ్లు రారు. అలాంటి చోట జవాబు రాలేదని టెన్షన్ పడటం దండగ. రెండోది, ఓపీటీ (ఎఫ్-1 విద్యార్థులు చదువయ్యాక పని చేసుకునే అనుమతి) 12 నెలలు అయ్యాక స్టెమ్, అంటే సైన్స్, ఇంజనీరింగ్ లాంటి డిగ్రీల కింద మరో 24 నెలలు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పని చేసే అర్హత ఉందో లేదో చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉండాలి. యంత్రాలు చేసే చిన్న కంపెనీల్లో ఈ సంగతి తెలియనివీ ఉంటాయి. ఆఫర్‌కు ఒప్పుకునేముందే మొహమాటపడకుండా అడిగేయండి.

ఇక పనిలోకి వస్తే, చాలాచోట్ల కొలతలు ఇంకా అంగుళాల్లోనే. అంగుళంలో వెయ్యో వంతును "థౌ" అంటారు, అంటే 0.0254 మిల్లీమీటరు. డ్రాయింగులో వ్యూలు ఏ వైపు పెట్టాలో చెప్పే పద్ధతుల్లో మన కాలేజీల్లో ఎక్కువగా గీయించింది ఫస్ట్ యాంగిల్, ఇక్కడ థర్డ్ యాంగిల్. వ్యూ తారుమారుగా చదివితే రంధ్రం అవతలి వైపు పడుతుంది. టాలరెన్సుల (కొలతలో ఎంత తేడా చెల్లుతుందన్న హద్దులు) కోసం ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణం మీద పట్టు సాధించండి. కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి నాలుగు పోళ్ల మోటారు సింక్రనస్ వేగం 1800 ఆర్పీఎం. మన 50 హెర్ట్జ్ అలవాటు కొద్దీ 1500తో గేర్‌బాక్స్ లెక్క వేసేయకండి.

వైరు రంగులతో మాత్రం ప్రాణాపాయమే. మనకు అలవాటైన వైరింగులో నలుపు న్యూట్రల్. ఇక్కడ నలుపులోనే పవర్ ఉంటుంది, న్యూట్రల్ తెలుపు. యంత్రాల వైరింగుకు వాడే ఎన్ఎఫ్‌పీఏ 79 ప్రమాణం ప్రకారం ఏసీ కంట్రోల్‌కు ఎరుపు, డీసీ కంట్రోల్‌కు నీలం. ఏ ప్యానెల్ తలుపు తీసినా ముందు లాకౌట్ చేసి (పవర్ ఆపి, ఎవరూ మళ్లీ వెయ్యకుండా తాళం వేసి), మీటరుతో చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా కేబుళ్ల దగ్గర. క్యాడ్‌లో కేబుల్ ఒక గీత, అంతే. నిజంలో కనెక్టరు వెనక బ్యాక్‌షెల్ (కేబుల్‌ని పట్టి ఉంచే తొడుగు) ఉంటుంది, దానికి స్క్రూలుంటాయి, వాటిని తిప్పే స్క్రూడ్రైవరుకీ, దాన్ని పట్టుకున్న చేతికీ చోటు కావాలి. డ్రాగ్ చెయిన్‌లో (కదిలే భాగంతో పాటు కేబుళ్లను మోసే గొలుసు) అటూ ఇటూ కదిలే కేబుల్‌ని కేటలాగులో చెప్పినదానికంటే ఎక్కువగా వంచితే పైతొడుగు చెక్కుచెదరదు, లోపలి రాగి పోగులు మాత్రం ఒక్కొక్కటే తెగుతాయి. యంత్రం కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. ఆ ఫాల్టు పట్టుకోవడం నరకం.

అందుకే డ్రాయింగు రిలీజ్ చేసేముందు ప్రింటు పట్టుకుని అసెంబ్లీ బెంచి దగ్గరికి వెళ్లండి. "దీన్ని మీరైతే ఎలా బిగిస్తారు?" అని అడగండి. అక్కడున్న టెక్నీషియన్‌కు డిగ్రీ లేకపోవచ్చు, మీ బ్రాకెట్‌లో రెంచి తిరగదని చూడగానే చెప్పేస్తాడు. సార్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలవండి. ఇంజనీరునన్న బెట్టు చూపిస్తే రెండోసారి చెప్పడు, మీరు గీసింది గీసినట్టే చేసి పంపిస్తాడు!

ఇంటర్వ్యూలో మీ ముందు ఒక డ్రాయింగు పెట్టి తప్పులు పట్టమనొచ్చు. మీరు చేసిన పని చూపించాలంటే కాలేజీ ప్రాజెక్టో, ఇంట్లో సొంతంగా చేసిందో పట్టుకెళ్లండి. పాత కంపెనీ డ్రాయింగులు మాత్రం తీయొద్దు. అవి చూపించిన మనిషి రేపు తమవీ ఇలాగే చూపిస్తాడని ఎదుటివాళ్లకు వెంటనే అర్థమైపోతుంది.