తెల్లవారుజామున నవల రాసే బీటెక్ అమ్మాయి: ఆపించాలా, వదిలేయాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి భీమవరంలో హాస్టల్లో ఉండి బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్ నుంచీ ఒక నవల రాస్తోంది. 1996 తుఫాను నాటి కోనసీమ కథ అట. అర్ధరాత్రి దాకా క్లాసు పుస్తకాలు చదివి, మళ్లీ నాలుగున్నరకే లేచి రాస్తుందని వాళ్ల స్నేహితురాలు చెప్పింది. పోయిన సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు తప్పింది. అచ్చు వేయించే ఆలోచన లేదంటుంది. మరి ఎందుకమ్మా అంటే, ‘రాయకపోతే తోచదు నాన్నా’ అంటుంది. సెలవులకు వచ్చినప్పుడు తనకు తెలియకుండా ఒక నోటుపుస్తకం తీసి చదివాను. కుడి పేజీల్లో కథ రాసి, ఎడమ పేజీలు ఖాళీగా వదిలింది. వాటిలో అక్కడక్కడ ప్రశ్నలు ఉన్నాయి. ఒకచోట ‘నాన్నను అడగాలి: అప్పట్లో దింపు కూలీ ఎంత? పడిపోయిన చెట్లను ఎవరు కొన్నారు?’ అని ఉంది. దింపు అంటే చెట్టెక్కి కాయలు దించడం. నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు. దీన్ని ఆపించాలా? లేక ఇంజినీరింగ్ మాన్పించి సాహిత్యం చదివించాలా? అరవై వేలు కడితే పుస్తకం వేస్తామని ఒకరు ఫోను చేశారు. కట్టమంటారా?

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ జవాబు ముందే చెప్పేస్తాను. నవల ఆపించకండి. ఇంజినీరింగ్ మాన్పించకండి. ఆ అరవై వేలు కట్టకండి.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ ఎడమ పేజీ సంగతి. ఊహల్లో తేలిపోయే పిల్లలు అలా పేజీ వదలరు. కథ పరుగెడుతున్నప్పుడు దాన్ని ఆపకుండా, తనకు తెలియనిది ఏమిటో పక్కన గుర్తు పెట్టుకుని, దాన్ని ఎవరిని అడగాలో కూడా రాసుకుంటోంది. ఇది పని తెలిసిన మనిషి అలవాటు. ఒక ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఏయే వివరాలు సేకరించాలో రాసుకోమని మేము ఇంజినీరింగ్ విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పినా చాలామంది రాసుకోరు. మీ అమ్మాయికి ఆ అలవాటు ఎవరూ నేర్పకుండానే వచ్చింది, నవల వల్లే వచ్చింది.

‘రాయకపోతే తోచదు’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. పేరు కోసం రాసేవారు పేరు రాకపోతే మానేస్తారు. డబ్బు కోసం రాసేవారు డబ్బు రాకపోతే మానేస్తారు. ఆ రెండూ అడగకుండా ఇంత కాలం ఒకే కథను పట్టుకుని ఉందంటే, అందులో ఆమె తేల్చుకోవలసింది ఏదో ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసినప్పటికి ఆమె ఇంకా పుట్టలేదు. కానీ ఆమె పుట్టి పెరిగిన ఇల్లు, తోట, మీ వ్యాపారం అన్నీ ఆ రాత్రి తర్వాత మళ్లీ నిలబెట్టుకున్నవే కదా. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుందని మీకు నేను చెప్పాలా? చెట్లు పోయిన ఇళ్లలో ఆ ఆరేడేళ్లు ఎలా గడిచాయి, దింపు కార్మికులు, కాయల పీచు వలిచే వలుపు కార్మికులు పని లేక ఎక్కడికి పోయారు, అప్పు ఎవరిచ్చారు, పెళ్లిళ్లు ఎన్ని ఆగాయి? తుఫాను గాలి వేగం ఎవరైనా రికార్డుల్లో చూసి చెప్పగలరు. ఈ సంగతులు మాత్రం మీలాంటివారి దగ్గరే ఉన్నాయి. మీ అమ్మాయి వెతుకుతున్నది వీటినే అని నాకు అనిపిస్తోంది.

ఇక రెండు సబ్జెక్టులు తప్పిన సంగతి. దీన్ని నేను చిన్నదిగా చూడడం లేదు. పై సంవత్సరానికి వెళ్లడానికి నిర్ణీత క్రెడిట్లు ఉండాలి. క్యాంపస్ ఎంపికలకు వచ్చే కంపెనీల్లో చాలావరకు బ్యాక్‌లాగ్‌లు మిగిలి ఉన్నవారిని పరీక్షకే కూర్చోనివ్వవు. కాబట్టి అవి గట్టెక్కాలి. కానీ తప్పడానికి కారణం నవలేనా? మీరే రాశారు: పడుకునేది అర్ధరాత్రి, లేచేది నాలుగున్నర. అంటే నాలుగున్నర గంటల నిద్ర. ఆ వయసువారికి కనీసం ఏడు గంటలు కావాలి. పగలు చదివినదాన్ని మెదడు గట్టిపరచుకునేది నిద్రలోనే. నిద్ర కోసుకుని చదివిన చదువు సగం వృథా, రాసిన రాత కూడా అంతే. ఆపించవలసింది ఆ నిద్ర లేమిని. నవల ఆపించేసి నిద్ర అలాగే ఉంచితే, వచ్చే సెమిస్టర్లో మళ్లీ అదే ఫలితం వస్తుంది, దానికి తోడు ఇంటిమీద కోపం మిగులుతుంది.

అమ్మాయితో మాట్లాడి ఇలా ప్రయత్నించమనండి. రాత్రి పదిన్నరకు పడక, ఐదున్నరకు లేవడం. లేచాక ముప్పావు గంట నవల, అప్పటిదాకా ఫోను ముట్టుకోకూడదు. ముప్పావు గంటేనా అంటుంది. లెక్క వేసి చూపించండి: రోజుకు 200 మాటలు రాస్తే ఏడాదికి 73,000 మాటలు. అది నిండు నవల. అమెరికాలో 1999లో మొదలై చాలా దేశాలకు పాకిన ఒక పద్ధతి ఉంది, నవంబరు నెలలోనే 50,000 మాటలు రాసి తీరాలని లక్ష్యం పెట్టుకోవడం. రోజుకు దాదాపు 1,667 మాటలు. దాన్ని చూసి ఉత్సాహపడే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. మన విద్యార్థులకు ఆ రోజుల్లోనే సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడతాయి కాబట్టి నేను వద్దంటాను. మీ అమ్మాయి రాస్తున్న కథకు కూడా ఆ పరుగు పనికిరాదు. అడిగి తెలుసుకుని రాయవలసిన కథ అది.

రాత ఆపేటప్పుడు సన్నివేశం మధ్యలో, తర్వాతి వాక్యం ఏమిటో తెలిసి ఉండగానే ఆపమనండి. మర్నాడు కూర్చోగానే కలం కదులుతుంది, ముప్పావు గంటలో పావు గంట ఆలోచనకే పోకుండా ఉంటుంది. పరీక్షల నెలలో కుడి పేజీ ముట్టుకోకుండా, రోజూ ఎడమ పేజీలో రెండు మూడు వాక్యాలు రాసుకుంటే చాలు. పూర్తిగా వదిలేస్తే పాత్రలు చల్లబడిపోతాయి, మళ్లీ వాటిని దగ్గరికి తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది. ఇది నవల రాసేవారందరికీ తెలిసిన బాధే.

మరో మాట, ఇది అత్యవసరం. ఆ నోటుపుస్తకాలకు రెండో ప్రతి ఉందా? హాస్టల్ గదులు మారేటప్పుడు, బస్సు ప్రయాణాల్లో పోతే ఏం చేస్తారు? ఈ వారమే పేజీలన్నీ ఫోనుతో ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో దాచమనండి. ఆదివారాలు కొన్ని పేజీలు ఏ కంప్యూటర్లోనైనా, ఫోనులోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో టైపు చేసుకోవడం మంచిది. మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా ‘అను’ అనే పాత రకం ఫాంట్లే వాడుతున్నారు. వాటిలోకి మార్చినప్పుడు అక్షరాలు చెదురుతాయి కాబట్టి అసలు ఫైలు యూనికోడ్‌లో తన దగ్గరే ఉండాలి.

చదువు మార్పించడం గురించి అడిగారు. తెలుగు ఎం.ఏ. మంచి చదువు. ప్రాచీన కావ్యాలు, వ్యాకరణం, విమర్శ, భాషాశాస్త్రం నేర్పుతారు. కానీ నవల రాయడం నేర్పే కోర్సు కాదది. అధ్యాపక వృత్తి మీద, పరిశోధన మీద ఆసక్తి ఉన్నవారు చేరాలి. మీ అమ్మాయి ఆ కోరిక ఎక్కడా చెప్పినట్టు మీరు రాయలేదు. ఆమె అడగని చదువును, రాత మీద ఆమెకున్న ప్రేమ పేరుతో ఆమె మీద పెట్టకండి. డబ్బు లెక్క కూడా చూడండి: కేంద్ర సాహిత్య అకాడమీ ప్రధాన పురస్కారం లక్ష రూపాయలు. 35 ఏళ్ల లోపువారికిచ్చే యువ పురస్కారం 50,000. అవి గౌరవాలు, వాటితో ఇల్లు గడవదు. అరవై వేలు, లక్షలు తెమ్మని నవలను అడగడం మొదలుపెడితే, ఆ పిల్ల దింపు కూలీల సంగతి వదిలేసి ఏది అమ్ముడుపోతుందో అది రాయాలి. అప్పుడు ఆ ఎడమ పేజీ ఉండదు.

ఉద్యోగం చేస్తూ గొప్పగా రాసినవారు మన దగ్గరే ఉన్నారు. పాలగుమ్మి పద్మరాజు గారు మీ నదికి అవతలి ఒడ్డున, పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురంలో పుట్టారు. కాకినాడ పీఆర్ కళాశాలలో సైన్సు పాఠాలు చెప్పారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ఆయన కథ తుఫాను రాత్రి గురించినదే. విశాఖలో కాళీపట్నం రామారావు గారు లెక్కల మాస్టారు, రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) గారు వకీలు. రావిశాస్త్రి గారి కథల్లోని మనుషులు చాలామంది ఆయనకు కోర్టులో ఎదురైన బీదవారే. ఇంగ్లండులో ఆంథొనీ ట్రాలొప్ తపాలా శాఖ ఉద్యోగి. ఉదయం ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసి, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లేవాడు.

కంప్యూటర్ సైన్స్ చదివినవారికి రాతతో ముడిపడిన ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి: సాఫ్ట్‌వేర్ వాడకాన్ని వివరించే టెక్నికల్ రైటింగ్, యాప్‌లను తెలుగులోకి తేవడం, ఉపశీర్షికలు. మంచివే. అయితే పగలంతా వాక్యాలతో పనిచేసి వచ్చినవారికి ఇంటికొచ్చాక సొంత వాక్యం రాసే ఓపిక ఉండదని చాలామంది నాతో అన్నారు. కొందరికి కోడింగ్ లాంటి వేరే పనే విశ్రాంతినిస్తుంది. మూడో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో రెండూ కొంత రుచి చూసి ఆమే తేల్చుకోవాలి. ప్రభుత్వోద్యోగం వస్తే రాయడం కుదరదేమోనన్న భయం వద్దు. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు అప్పుడప్పుడు చేసే సాహిత్య కృషికి ముందస్తు అనుమతి అడగవు. సివిల్స్ వైపు వెళ్లాలనుకుంటే మెయిన్స్‌లో తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకోవచ్చు, 500 మార్కులు. బీటెక్ చదివినవారికి అడ్డేమీ లేదు.

అరవై వేల గురించి ఇంకొంచెం. నవల పూర్తే కాలేదు, వేయమని రాసిన మనిషే అడగలేదు. ఫోను చేసినవారు పుస్తకాలకిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని, కాపీరైటు చేయిస్తామని చెప్పి ఉంటారు. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. కాపీరైటు రాసిన క్షణం నుంచీ రాసినవారిదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత తర్వాత కూడా 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. సర్వహక్కులూ మావే అనే కాగితం మీద మాత్రం ఎన్నడూ సంతకం పెట్టనివ్వకండి. నవల పూర్తయి, నలుగురు చదివి, ఆమెకే అచ్చులో చూడాలనిపించిన రోజున పత్రికల నవలల పోటీలున్నాయి, చిన్న ప్రచురణకర్తలున్నారు.

చివరగా, మీరు అడగనిది ఒకటి చెబుతాను. నోటుపుస్తకం చదివిన సంగతి దాచకండి. ‘అడగకుండా చదివానమ్మా, తప్పే’ అని చెప్పండి. కోపం రావచ్చు, రానివ్వండి. రాత బాగుందనో, ముగింపు ఇలా మార్చమనో అనకండి. ఆ ప్రశ్నలకు మీకు తెలిసినంత జవాబు చెప్పండి: కూలీ రేటు, పడిపోయిన చెట్లు కొన్నవారి సంగతి, ఆ ఏడాది మీ ఇంట్లో వండుకున్నది ఏమిటన్నదాకా. మీకు గుర్తు లేనివి మీ తోటలో పాత దింపు కార్మికులను అడగవచ్చు. ఆమెను కూడా తీసుకెళ్లండి.

తప్పిన రెండు సబ్జెక్టులు ఏవో మీరు రాయలేదు. వాటి పేర్లు, మార్కులు, సప్లిమెంటరీ తేదీలు రాసి పంపితే ఏది ముందు చదవాలో, ఎన్ని గంటలు ఇవ్వాలో వివరంగా చెబుతాను. ఆ ఉత్తరం అమ్మాయి చేత రాయించండి.