థార్ లిఫ్ట్ కిట్‌కి పర్సనల్ లోన్ ఎందుకండీ?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికి వచ్చేది రూ.92,000. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, మూడేళ్ల పాప ఉంది. రెండేళ్ల క్రితం లోన్ మీద థార్ డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నాను. నెల క్రితం వికారాబాద్ వైపు రాళ్ల బాటలో ఇంజిన్ కింద ఉండే ఆయిల్ చాంబర్‌కి రాయి తగిలి సొట్ట పడింది, ఆయిల్ మాత్రం కారలేదు. అప్పటినుంచి బండిని లిఫ్ట్ చేయించాలని, అంటే ఎత్తు పెంచాలని చూస్తున్నాను. షాపతను లిఫ్ట్ కిట్ 95,000, పెద్ద టైర్లు 88,000, బండి కింది భాగాన్ని కాపాడే ప్లేట్ల సెట్ 42,000, బంపర్, ఫిట్టింగ్ 25,000, మొత్తం రూ.2.5 లక్షలు చెప్పాడు. బ్యాంకు 16 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ముందు ప్లేట్లు వేయించి తర్వాత లిఫ్ట్ చేయించాలా, లోన్ ఎలాగూ వస్తుంది కాబట్టి రెండూ ఒకేసారి చేయించుకోనా? ప్లేట్లు స్టీలువి మంచివా, అల్యూమినియంవా? బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. నాకు 15 లక్షల కవర్, ఆఫీసు హెల్త్ పాలసీ 5 లక్షలు ఉన్నాయి. సేవింగ్స్‌లో రూ.70,000 ఉంది.

జవాబు: బండి మోడిఫికేషన్ గురించి నాకు రాసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఏ కిట్ మంచిదని. పాలసీ కాగితం తీసి చూశామని రాసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుకే.

ముందు మీరు అడిగినదానికే వస్తాను. ప్లేట్లు ముందు, లిఫ్ట్ తర్వాత. ఇందులో సందేహం లేదు. ప్లేట్ల బరువు తెలియకుండా స్ప్రింగులు ఎంచుకుంటే బండి ముందు భాగం కిందికి దిగిపోయి, పెట్టిన డబ్బులో కొంత అక్కడే పోతుంది. చదరపు మీటరు స్టీలు ప్లేటు 3 మిల్లీమీటర్ల మందంలో దాదాపు 23.5 కిలోలు ఉంటుంది. అల్యూమినియం రెట్టింపు మందం, అంటే 6 మిల్లీమీటర్లు వేసినా దాదాపు 16 కిలోలే ఉంటుంది. అయినా మీకు స్టీలే చాలు. స్టీలు రాయి మీద జారిపోతుంది, అల్యూమినియం మెత్తన కాబట్టి రాయి దాన్ని చీరి పట్టేస్తుంది. స్టీలు వంగితే ఏ వెల్డింగ్ షాపులోనైనా సుత్తి దెబ్బలతో సరిచేస్తారు. సెట్ మొత్తాన్ని కాంటా మీద పెట్టించి, ఆ బరువు రాసి పెట్టుకోండి.

షాపతను చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. థార్ వెనక యాక్సిల్ ఒకే దూలం. లిఫ్ట్ కిట్ చాసిస్‌ని పైకి లేపుతుంది కానీ వెనక హౌసింగ్, అంటే ఆ యాక్సిల్ మధ్యలో గేర్లుండే డబ్బా, ఉన్నచోటే ఉంటుంది. అది లేవాలంటే టైరు పెద్దదవ్వాలి. మీ 255/65 ఆర్18 టైరు ఎత్తు సుమారు 31 అంగుళాలు. 33 అంగుళాలది వేస్తే హౌసింగ్ కింద పెరిగేది ఒక్క అంగుళం. కంపెనీ బండికి నేల నుంచి ఉండే ఎత్తే (గ్రౌండ్ క్లియరెన్స్) 226 మిల్లీమీటర్లు. మీకు రాయి తగిలింది చాంబర్‌కి. దానికి మందు 42,000 సెట్‌లోనే ఉంది, 95,000 కిట్‌లో కాదు.

ఇక అసలు విషయం. మీ పాలసీ పీడీఎఫ్ తెరిచి మొదటి పేజీలో ఐడీవీ (బండికి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన విలువ) పట్టిక చూడండి. బండి విలువ పక్కన ‘నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్’ అని ఒక గడి ఉంటుంది. మీరు ఇప్పటిదాకా ఏమీ వేయించలేదు కాబట్టి అందులో సున్నా ఉండి ఉంటుంది. రేపు రెండున్నర లక్షల సామాను బిగించాక కూడా ఆ గడిలో సున్నాయే ఉంటే, కంపెనీ లెక్కలో ఆ సామాను లేనట్టే. బండి దొంగతనం జరిగినా, బోల్తా పడినా మీకు వచ్చేది ఆ పట్టికలో ఉన్నదాని మీదే. అదీ ముందు మీకు లోన్ ఇచ్చిన బ్యాంకుకి వెళ్తుంది, మిగిలితే మీకు.

అదే పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అన్న పేరాలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌తో పాటు ‘రిలయబిలిటీ ట్రయల్స్’ అన్న మాట కూడా ఉంటుంది. వీటికి కవర్ వర్తించదు. ఊరి చివర బాటలో సరదాగా నడపడం వేరు, క్లబ్బువాళ్లు టైమ్ పెట్టి నడిపించే పోటీకి పేరివ్వడం వేరు. రెండోదానికి వెళ్లేముందు కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉందన్నారు. మీలాంటివాళ్ల కొంప ముంచేది ఈ మాటే. వచ్చేసారి ఆ రాయి సొట్టతో వదలకుండా చాంబర్ పగలగొట్టిందనుకోండి. ఆయిల్ కారిపోతుంటుంది, డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలుగుతుంది. ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, తారు రోడ్డు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, చీకటి పడుతుంటుంది. చాలామంది అలాగే నడిపేస్తారు, ఇంజిన్ సీజ్ అవుతుంది. సర్వేయర్ వచ్చి చాంబర్ ఖర్చు ప్రమాదం కింద రాసుకుంటాడు. ఇంజిన్‌ని మాత్రం ‘కాన్సీక్వెన్షియల్ లాస్’, అంటే ప్రమాదం తర్వాత దాని పర్యవసానంగా జరిగిన నష్టం అని పక్కన పెట్టేస్తాడు. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో అది రాదు. పార్టుల అరుగుదల కోత లేకుండా ఇచ్చే జీరో డిప్ ఉన్నా రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి, దాన్ని సాధారణంగా పాలసీ మధ్యలో ఇవ్వరు, రెన్యువల్ అప్పుడే అడగాలి. అది ఉన్నా సరే, దీపం వెలిగాక నడిపితే ఒప్పుకోని పాలసీలున్నాయి. ఆ పేరా చదివి తీసుకోండి. చాంబర్‌కి రాయి తగిలిన మనిషి ముందు ఆరా తీయాల్సింది దీని గురించి కదండీ!

మోడిఫికేషన్ సంగతి ఇంకా ముదిరింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. జరిమానా సంగతి అలా ఉంచండి. లిఫ్ట్ చేసిన బండికి పెద్ద క్లెయిమ్ వస్తే ఇన్సూరెన్స్ కంపెనీ చేతికి మనమే సాకు అందించినట్టవుతుంది. క్లెయిమ్ పోయినా మీ 24,500 కారు ఈఎంఐ మాత్రం ఆగదు. చాసిస్‌కి ముందే ఉన్న బోల్టు రంధ్రాలకి బిగించే ప్లేట్లతో అంత తంటా లేదు. అందుకే వాటికి ఒప్పుకుంటున్నాను, లిఫ్ట్‌కి ఒప్పుకోవడం లేదు.

మీకున్నదంటున్న 15 లక్షల కవర్ కారు పాలసీలో తప్పనిసరిగా ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ కవర్. మీరు ప్రమాదంలో పోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో ఇస్తారు. గుండెపోటు వస్తే, క్యాన్సర్ వస్తే అందులో రూపాయి రాదు. అంటే సంపాదన లేని భార్య, మూడేళ్ల పాప ఉన్న మనిషికి ప్రాణానికి కవర్ ఇచ్చే టర్మ్ పాలసీ లేదు. ఆఫీసు హెల్త్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. ఐటీలో ఇప్పుడు ఆ మాట వింటేనే టెన్షన్ కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్ కవర్ కోటి రూపాయలకి తగ్గకుండా తీసుకోండి, కుటుంబానికి సొంతంగా హెల్త్ పాలసీ కూడా తీసుకోండి. ఈ రెండూ అయ్యేదాకా షాపతని ఫోన్ ఎత్తకండి.

లోన్ లెక్క చూద్దాం. కారు 24,500, అద్దె 19,000, ఫోన్ ఈఎంఐ 4,200, ఇంటి ఖర్చు 28,000, సిప్ 5,000 అని విడిగా రాసి పంపారు. మొత్తం 80,700. మిగిలేది 11,300. రూ.2.5 లక్షలకి 16 శాతం మీద మూడేళ్ల ఈఎంఐ దాదాపు 8,790. అప్పుడు మీ చేతిలో నెలకి రూ.2,500 ఉంటుంది, అందులోనే పాప స్కూలు మొదలవుతుంది. వడ్డీ కిందే రూ.66,000 పైగా పోతుంది. అప్పు చేసి పప్పుకూడు అంటారు, పప్పుకూడైతే కనీసం కడుపైనా నిండుతుంది. పైగా సిప్ తీసేస్తే తప్పని ఖర్చులు నెలకి 75,700. మీ 70,000 ఒక్క నెలకి కూడా సరిపోదు. ఆరు నెలల ఖర్చుకి నాలుగున్నర లక్షలు కావాలి. ఆ స్థితిలో ఉన్నవాళ్లకి బ్యాంకు ‘ప్రీ అప్రూవ్డ్’ మెసేజ్ పంపడం బ్యాంకు వ్యాపారం, దాన్ని అర్హత పత్రం అనుకోకండి.

గోల్డ్ లోన్‌కి వడ్డీ తక్కువే, కానీ బండి టైర్ల కోసం ఇంట్లో బంగారం బయటికి తీయొద్దు. కారు లోన్ మీద టాప్ అప్ కూడా అప్పే. సిప్ ఆపి కిట్ కొనడం అంతకన్నా వద్దు.

ఏం చేయాలంటే, నెలకి మిగిలే 11,300తో ముందు రెండు ప్రీమియంలు కట్టండి. మిగిలినదంతా వేరే ఖాతాలోకి పోనీయండి, మూడు నెలల ఖర్చు పోగయ్యేదాకా సొట్ట పడ్డ బండిని రాళ్ల బాట పట్టించకండి. ఈలోగా చాంబర్ సొట్టని ఒకసారి సర్వీసు సెంటర్‌లో చూపించండి, లోపల ఆయిల్ పీల్చే గొట్టానికి ఆనుతోందేమో తెలుస్తుంది. ఆ తర్వాత సెట్ మొత్తం అక్కర్లేదు. మీరు పంపిన కొటేషన్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ప్లేట్లు మూడూ కలిపి 24,000 ఉన్నాయి. ట్యాంకు ప్లేటు 10,000, హౌసింగ్ గార్డు 8,000. ముందు ఆ 24,000వి నగదుతో వేయించుకోండి. ఆయిల్ మార్చడానికి కింద రంధ్రం ఉందో లేదో చూడండి, లేకపోతే ప్రతి సర్వీసుకీ ప్లేటు విప్పాలి. రేపెప్పుడైనా లిఫ్ట్ వేసి ముందు డిఫరెన్షియల్‌ని బ్రాకెట్లతో కిందికి దించితే ఇవే ప్లేట్లు సరిపోతాయో లేదో షాపతనితో బిల్లు మీద రాయించుకోండి. చాసిస్‌కి వెల్డింగ్ చేస్తామంటే బండి తాళం తీసుకుని వచ్చేయండి. బిల్లు, ఫొటోలు అదే వారం ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ చేసి, ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు రాయించడం) అడిగి, ఆ గడిలో 24,000 పడిందో లేదో కొత్త పీడీఎఫ్‌లో చూసుకోండి.