ఖాళీ క్వార్టర్ తాళం నీ చేతికొచ్చాక

అల్వాల్
ఆదివారం

అమ్మడూ,

వైజాగ్‌లో సైన్యం, నేవీ క్వార్టర్లు చూసే ఎంఈఎస్ (మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్)లో జూనియర్ ఇంజినీరుగా చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే 23 ఖాళీ క్వార్టర్ల తాళాలు నీ చేతిలో పెట్టారన్నావు. "ఖాళీ ఇళ్ళే కదా పెదనాన్నా, కంప్లైంట్లు కూడా రావు" అని ఫోన్‌లో నవ్వావు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మనుషులున్న ఇంట్లో కుళాయి కారితే పది నిమిషాల్లో ఫోనొస్తుంది. ఖాళీ ఇంట్లో కారితే, కింది వాళ్ళ వంటింటి కప్పు తడిసి పెచ్చులూడేదాకా ఎవరికీ తెలీదు.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక హవల్దార్‌కి క్వార్టర్ అలాట్ అయింది. సున్నం వేశాం, కరెంటు ఉంది అని కాంట్రాక్టరు మనిషి చెప్తే, కుర్చీలోంచి లేవకుండా ఇల్లు రెడీ అని సంతకం పెట్టేశాను. జూన్ నెల, సాయంత్రం. తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకుపెట్టెలతో ట్రక్కు వచ్చి ఆగింది. భార్య, ఇద్దరు పిల్లలు, రెండు రోజుల రైలు ప్రయాణం. కుళాయి తిప్పితే గుక్కెడు తుప్పునీళ్ళు వచ్చి ఆగిపోయాయి. పైకెక్కి చూస్తే ట్యాంకులో పావురం చచ్చి ఉంది. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. పాలసీసా పట్టుకుని పక్కింటికెళ్ళి, కడుక్కోవడానికి నీళ్ళడిగింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కళ్ళతో చూడని ఇంటికి సంతకం పెట్టలేదు.

అసలు పని మార్చింగ్ అవుట్ రోజునే, అంటే ఉన్నవాళ్ళు ఇల్లు అప్పగించి వెళ్ళే రోజునే మొదలవుతుంది. వెళ్ళేవాళ్ళకి రైలు టైమవుతుంటుంది, నీకేమో ఇంకో ఇల్లు ఉంటుంది. ఇద్దరూ తొందరలో ఫ్యాన్లు లెక్కపెట్టి, మీటర్ రీడింగ్ రాసుకుని, తాళాలు మార్చుకుంటారు. అక్కడ ఒక్క ఐదు నిమిషాలు ఆగు. ఆ ఇంటి ఇల్లాలిని పక్కకు పిలిచి అడుగు: ఏ గది కురుస్తుందమ్మా, ఏ స్విచ్ షాక్ కొడుతుంది, ఏ తలుపు వానాకాలంలో పట్టేస్తుంది అని. మూడేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషికి తెలిసినంత మన రిజిస్టర్‌కి తెలీదు. బ్యారక్ డ్యామేజీలు, అంటే ఇంట్లో పాడైనవాటికి వాళ్ళతో కట్టించే డబ్బు దగ్గర మాత్రం కొంచెం మనిషిలా ఉండు. పగిలిన వాష్‌బేసిన్‌కి డబ్బు కట్టించు. క్యాలెండర్ మేకు రంధ్రానికీ, వాడకంలో అరిగిన గడియకూ కట్టించకు.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు నీది. మెయిన్ వాల్వ్ కట్టెయ్. ట్యాంకు పూర్తిగా వంపించు. మూత సరిగా లేని ట్యాంకులో నిలవనీళ్ళుంటే వారం పది రోజుల్లో దోమలు తయారు. గీజర్ ఎంసీబీ స్విచ్ ఆపెయ్. నీళ్ళు లేకుండా గీజర్ వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది. మార్చింగ్ ఇన్ రోజు, అంటే కొత్తవాళ్ళు దిగే రోజు, ఎవరో ఒకరు హడావుడిగా అన్ని స్విచ్చులూ వేస్తారు, అప్పుడే కాలుతుంది.

బాత్‌రూమ్ నీళ్ళు పోయే జాలీ కింద ట్రాప్ ఉంటుంది కదా, అందులో నిలిచే ఆ కాసిని నీళ్ళే డ్రైనేజీ వాసనకీ, బొద్దింకలకీ అడ్డం. ఎవరూ వాడకపోతే కొన్ని వారాల్లో ఎండిపోతాయి. వంటింటి సింకు కిందా అంతే. ప్రతిదాంట్లో చెంబెడు నీళ్ళు పోసి, పైన చెంచాడు వంటనూనె వెయ్యమను. నూనె తేలుతుంటే నీళ్ళు తొందరగా ఆరవు. ఈ మాట నాకు ఏ ఇంజినీరూ చెప్పలేదు, మా ప్లంబర్ చెప్పాడు. నూనె సీసా ఎందుకని స్టోర్‌లో నవ్వుతారు, నవ్వనీ.

వారానికొకసారి ప్రతి ఇల్లూ తెరవాలి. కిటికీలు తీసి అరగంట గాలి ఆడనివ్వండి. గుమ్మాల దగ్గర చెదలు మట్టిగీతలు గీశాయేమో వంగి చూడు. డాబా మీద నీళ్ళు పోయే గొట్టం మూతి దగ్గర రావిమొక్క వేలెడుండగానే పీకేయాలి. ఇక్కడ బొల్లారం వైపు పాత క్వార్టర్లలో ఒక పిట్టగోడని రావిచెట్టు నిలువునా చీల్చడం నా కళ్ళతో చూశాను. మీ దగ్గర రావి కంటే ఉప్పుగాలి ఎక్కువ బాధ. కదలని బందు, తియ్యని గడియ ఒక్క సీజన్‌లో బిగుసుకుపోతాయి. అందుకే తెరిచినప్పుడల్లా ఓ చుక్క నూనె. తుఫాను కబురు రాగానే ముందు ఖాళీ ఇళ్ళకే వెళ్ళు. మనుషులున్న ఇంట్లో కిటికీలు వాళ్ళే వేసుకుంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మీ వైజాగ్ దగ్గరే తీరం దాటింది. అప్పటి సంగతులు మీ ఆఫీసులో పాతవాళ్ళని అడుగు, నాకంటే బాగా చెప్తారు.

ఇక కాగితం సంగతి. అలాట్‌మెంట్ చేసే ఆఫీసు లిస్టులో ఖాళీలు ఒక లెక్క, మన లిస్టులో ఇంకో లెక్క ఉంటాయి. ప్రతి శనివారం రెండూ పక్కపక్కన పెట్టి కూర్చో. ఈ రెండు లిస్టుల మధ్య ఇరుక్కున్న ఇల్లు నెలలకి నెలలు అలాగే పడుంటుంది. అవతల ఒక నావికుడు ఓడలో ఉంటాడు, వాళ్ళావిడ బయట అద్దె ఇంట్లో ఉంటుంది. ప్రభుత్వం వాళ్ళకి హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) ఇస్తూ, ఇవతల ఇంటినీ పాడు చేసుకుంటుంది. ఆడిట్ వాళ్ళు పట్టుకునేది కూడా అదే. రిమార్కుల్లో 'రిపేరు' అని ఒక్క మాట రాసి వదిలేయకు. ఏం రిపేరు, ఎవరి దగ్గర ఆగింది, ఎప్పటికి అవుతుంది, మూడూ రాయి. నిజంగా బాగుచేయడానికి పనికిరాని పాత ఇల్లయితే బోర్డ్ ఆఫ్ ఆఫీసర్స్‌కి, అంటే ఇల్లు చూసి తేల్చే ఆఫీసర్ల కమిటీకి పెట్టించి లిస్టులోంచి తీయించు.

ఇల్లు వద్దన్నవాళ్ళని మాత్రం విసుక్కోకు. ఒక బ్లాక్‌లో ఎనిమిదింట్లో ఆరు చీకటిగా ఉంటే, భర్త సముద్రం మీదున్న అమ్మాయి అక్కడ ఒంటరిగా ఎలా పడుకుంటుంది? వీలైతే ఒకే బ్లాక్ ముందు పూర్తిగా తయారు చేసి, ఆ ఇళ్ళన్నీ ఒకేసారి ఇమ్మని అలాట్‌మెంట్ వాళ్ళకి చెప్పు. మెట్ల దగ్గర లైటు, తలుపు లోపలి గడియ, ఇవి పెయింటు కంటే ముందు.

ఇంకో మాట. "మా బంధువులొస్తున్నారు, రెండు రోజులకి తాళం ఇస్తారా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు పెట్టుకుంటానంటాడు. ఎంత పెద్దవాళ్ళయినా అలాట్‌మెంట్ కాగితం చూపించమను. కోపం వస్తే రానీ. ఇత్తడి కుళాయిలు పోయాయంటే జవాబు చెప్పాల్సింది నువ్వే.

ఏప్రిల్, మే నెలల్లో ట్రాన్స్‌ఫర్లు మొదలైతే ఇళ్ళన్నీ ఒక్కసారి ఖాళీ అవుతాయి, బడులు తెరిచేలోపు మళ్ళీ నిండాలి. ఆ రెండు నెలలు నువ్వు పెళ్ళిళ్ళకి రావని మీ పెద్దమ్మకి ఇప్పుడే చెప్పేశాను.

నా పాత స్టీలు టార్చి పార్సిల్‌లో పంపుతున్నాను. సింకు కింద చూడటానికి ఫోన్ లైటు చాలదు, పైగా ఫోను తడిలో పడుతుంది. సెల్స్ తీసేశాను, అక్కడ కొనుక్కో. 23 ఇళ్ళలోనూ నీళ్ళు వదిలి చూశాక, ఎన్నింట్లో కారాయో ఫోన్ చెయ్.

పెదనాన్న