అమ్ముడుపోయాడా, అమ్ముకున్నాడా?

సందేహం: మా పర్లాకిమిడిలో భజనలకు హార్మోనియం వాయించే ఒకాయన ఈ మధ్య పెళ్లిళ్ల డీజే వాళ్లతో కలిశాడు. ‘అమ్ముడుపోయాడు’ అన్నాను. సరుకులు అమ్ముడుపోతాయి గానీ మనుషులు పోరు, అది ఇంగ్లీషు ‘సోల్డ్ ఔట్’కి అనువాదం అని మా తమ్ముడు వాదించాడు. నిఘంటువుల్లో ఈ అర్థం ఉందా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

సమాధానం: గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరివారు మీరు! వాడుకలో ఉన్న మాటకు నిఘంటువు అనుమతి అడగడమేమిటి? మీరు అన్నారు, తమ్ముడికి అర్థమైంది, పోట్లాటకూ వచ్చాడు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మనుషులు అమ్ముడుపోరన్న మాట నిలవదు. పార్టీ మారిన ఎమ్మెల్యేని రచ్చబండ మీద ఏమంటున్నారో తమ్ముణ్ణి వెళ్లి వినమనండి. మీ ఊళ్లో ఒడియా వాళ్లు ‘బిక్రి హోయిగలా’ అంటారు. అందులో ‘గలా’ అన్నా పోయిందనే.

నా పేచీ ఈ ‘పోవు’తోనే. 1966లో మాంచెస్టర్ కచేరీలో జానపద బాణీ వదిలి ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌ని చూసి శ్రోతల్లో ఒకరు ‘జూడాస్’ అని అరిచారు. జూడాస్ ముప్పై వెండి నాణేలకు తన గురువైన ఏసును పట్టించినవాడు. అక్కడ అమ్మినవాడు వేరు, అమ్ముడైనవాడు వేరు. మన ‘అమ్ముడుపోయాడు’లో అమ్మినవాడే కనబడడు. వంకాయలు పోయినట్టు మనిషి తనంతట తానే పోయాడు!

పోతనదని చెప్పుకొనే చాటువు చూడండి. కాటుక కన్నీరు కారుస్తూ సరస్వతి ఎదుట నిలబడితే కవి ఓదారుస్తున్నాడు:

‘…నిను నాకటికిం గొనిపోయి యల్ల క
ర్ణాట కిరాట కీచకుల కమ్మ త్రిశుద్ధిగ నమ్ము భారతీ!’

ఆకలికి తాళలేక నిన్ను తీసుకుపోయి వాళ్లకు అమ్మను, నమ్ము తల్లీ అని. కీచకులకు + అమ్మ. ఇక్కడ ‘అమ్మ’ అంటే అమ్మను. ‘నే నెఱుగ’ అంటే ఎరగను అన్నట్టే. మొన్న ఒక సభలో ఓ కుర్ర గాయకుడు ‘కీచకుల కమ్మా…ఆ’ అని సాగదీసి, కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. అమ్మనన్న ప్రతిజ్ఞ కాస్తా అమ్మవారికి దండమైపోయింది! జనం చప్పట్లు కొట్టారు. పక్కనే ‘నమ్ము’ ఉంది. దాన్ని అల్లరి విద్యార్థి ఎవడైనా ‘త్రిశుద్ధిగన్ + అమ్ము’ అని విడదీశాడా, కవి నోటే సరస్వతిని అమ్మేయమని చెప్పించినట్టవుతుంది. సంధి ఒప్పుకుంటుంది, పద్యం ఒప్పుకోదు. అమ్మకం, నమ్మకం ఒక్క నకారం దూరంలో ఉన్నాయని తెలిసి ఆడుకున్నాడు ఆ మహానుభావుడు. సరుకు ఎవరు, బేరగాడు ఎవరు, కొనేవాడు ఎవరు అన్నది ఒక్క పాదంలో తేల్చేశాడు. ‘గొనిపోయి’లో ‘పోయి’ ఉన్నా, అమ్మకం దగ్గర మాత్రం ‘పోవు’ ఊసే లేదు.

అందుకని నేనైతే ‘పాటను అమ్ముకున్నాడు’ అంటాను. ‘కొను’ చేరితే చేసినవాడు దొరుకుతాడు. మీ మాట తప్పని అనను. కొంచెం సోమరి మాట అంటాను, అంతే.

‘టికెట్లు అమ్ముడుపోయాయి’లో ఏ నిందా లేదు. అయినా పత్రికలకు ‘టికెట్లు అయిపోయాయి’ అనడం నామోషీ, ‘షో సోల్డ్ ఔట్’ అంటేనే గొప్ప.

ఇక మీ హార్మోనియం ఆయన. బయానా పుచ్చుకున్నంత మాత్రాన అమ్ముకున్నట్టయితే, పల్లకీ ముందు సన్నాయి ఊదిన ప్రతివాడూ నేరస్థుడే. భజనకు ఇంకా వస్తున్నాడో లేదో మీరు రాయలేదు. వస్తుంటే ‘పెళ్లిళ్లకు కూడా వాయిస్తున్నాడు’ అంటే సరిపోతుంది. మానేశాడంటే, అప్పుడు మళ్లీ ఒక కార్డు రాయండి.