యుద్ధంలో హెలికాప్టర్ పైలట్లకు ఫైటర్ పైలట్లంత పేరు ఎందుకు రాదు?

ఈ ప్రశ్న అడిగినవారు దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పమన్నారు. నేను పైలట్‌ని కాదు. మాది హిందూపురం వైపు. బెంగళూరులో విమానాలు, హెలికాప్టర్లు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో చీతా, చేతక్ హెలికాప్టర్లు ఓవర్‌హాల్ చేసే చోట పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి పైలట్ సీటు చుట్టూ రక్షణ ఎంతుంటుందో చెప్పగలను.

దాదాపు ఏమీ ఉండదు. చీతాకు ముందంతా ప్లెక్సీగ్లాస్, కింద పల్చటి రేకు. ఒకటే ఇంజన్, అదీ పైన బయటికే కనిపిస్తుంటుంది. తోక అంతా గొట్టాల చట్రం. తోక చివర ఉండే చిన్న రెక్కల్ని (తోక రోటర్‌ని) తిప్పే షాఫ్ట్ తెగిందంటే హెలికాప్టర్ బొంగరమే. ఇనుప పలకలు బిగించొచ్చు కదా అని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడిగేవారు. లడఖ్ ఎత్తుల్లో గాలి పల్చన, మోయగలిగే బరువే తక్కువ. పలక బిగిస్తే ఆ మేరకు గాయపడ్డ జవానుకు చోటుండదు.

ఫైటర్ వాళ్లను తక్కువ చేయడం లేదు. కానీ వాళ్లకు వేగం ఉంటుంది. చీతా గంటకు 200 కిలోమీటర్లు అందుకోవడమే గొప్ప. పైగా స్ట్రెచర్ ఎక్కించేదాకా ఉన్నచోటే ఉండాలి. దిగే జాగా లేకపోతే కింద కాళ్లలా ఉండే గొట్టాల్లో (స్కిడ్లలో) ఒకదాన్ని రాతికి ఆనించి గాల్లోనే కదలకుండా నిలబెట్టాలి. అంతసేపూ రెండు చేతులూ, రెండు కాళ్లూ కంట్రోల్స్ మీదే. తూటా వస్తే పక్కకు వంగే వీలు కూడా లేదు.

ఒకసారి ఉత్తరాది నుంచి వచ్చిన ఒక హెలికాప్టర్ అడుగు రేకుకు చిన్న ప్యాచ్ కనిపించింది. లాగ్‌బుక్‌లో 'తూటా దెబ్బ' అని ఒక్క ముక్క. కింద లైను నుంచి మళ్లీ మామూలు ఫ్లయింగ్ గంటలే. మా సీనియర్ ప్యాచ్ నుంచి సీటుకు జేన పెట్టి కొలిచాడు. జేన కూడా లేదు.

కార్గిల్ యుద్ధం అనగానే ఫైటర్ పైలట్లు నచికేత, అజయ్ ఆహుజా గుర్తొస్తారు. వాళ్ల విమానాలు పోయింది 1999 మే 27న. కొండల్లో శత్రువు దగ్గర భుజం మీంచి వదిలే మిసైళ్లున్నాయని అందరికీ తెలిసిపోయింది. తెలిసీ మర్నాడే తోలోలింగ్ కొండ మీదికి ఎంఐ-17 హెలికాప్టర్లు వెళ్లాయి. కూలిపోయిన దానికి మిసైల్‌ను దారి మళ్లించే ఫ్లేర్లు లేవు. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్లు పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, ఆర్.కె. సాహు, నలుగురూ పోయారు. ఆ తర్వాత ఎంఐ-17లను దాడులకు పంపడం ఆపేశారు. గాయపడ్డవాళ్లను తెచ్చే చీతాలను మాత్రం ఎవరు ఆపగలరు?

పేరు రాకపోవడానికి నాకు తోచిన కారణం: కూల్చిన విమానాన్ని లెక్కపెడతారు. ఆస్పత్రికి ప్రాణాలతో చేరిన జవాన్ల లెక్క పైలట్ పేరు పక్కన ఎవరూ రాయరు.

కార్గిల్ అనుభవం నుంచే ఆ ఎత్తుల్లో పోరాడే సొంత హెలికాప్టర్ కావాలన్న ఆలోచన గట్టిపడింది. అదే ఎల్‌సీహెచ్ (లైట్ కాంబాట్ హెలికాప్టర్), ఇప్పటి ప్రచండ్. సన్నటి ఒళ్లు, సిబ్బందికి కవచం, ఫ్లేర్లు అన్నీ ఉన్నాయి. 2010 మార్చిలో బెంగళూరులోనే మొదటిసారి ఎగిరింది, 2022లో వాయుసేనలో చేరింది. బెంగళూరులో హెచ్‌ఏఎల్ పక్కనున్న విమానపుర దగ్గర అద్దెకుండే మా బంధువులు మాత్రం హెలికాప్టర్ల చప్పుడుకు పిల్లాడు నిద్ర లేస్తున్నాడని ఇప్పటికీ నాకే కంప్లైంట్ చేస్తుంటారు!